పెద్దోడి పటం

మా నాయనకు నేను ఒక్కతే సంతానం. అయినా మా ఇంట్లో పెద్దోడు వేరే ఉన్నాడు. మార్కాపురం రోడ్డు పక్కన మా షెడ్డులో, ఫ్యాను కింద పడుకునే సీమ పోతుపంది. పుట్టగానే తల్లి చచ్చిపోతే నాయన పాలసీసాతో పెంచాడు. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకుని పడుకోమనే మనిషి, వాడు తుమ్మితే డాక్టరును పిలిపించేవాడు. షెడ్డులోని పిల్లలన్నీ వాడివే. వాడి కూతుళ్ళకు కూడా నాయన వాడినే జత కట్టించేవాడు. బయటి పోతును గేటు దాటనిచ్చేవాడు కాదు.

నిరుడు ఎండాకాలం నుంచి, అమ్మకానికి లారీ ఎక్కించేటప్పుడు ఎదిగిన పందులు వణికి, ఉన్నట్టుండి కూలిపోయి చచ్చిపోవడం మొదలైంది. నాయన ఎండను తిట్టాడు, లారీ డ్రైవరును తిట్టాడు. ప్రార్థన చేసే ఇల్లే అయినా, త్రిపురాంతకం నుంచి వచ్చిపోయిన మా మేనత్త దిష్టిని కూడా వదల్లేదు. ఇలాగే సాగితే షెడ్డు మూసేయడమే.

నేను పనిచేసేది పశువుల ల్యాబులో. పంది జన్యువుల్లో ఏ గుణం ఎక్కడుందో శాస్త్రజ్ఞులు చాలావరకు గుర్తించారు. బెదిరితే ప్రాణం పోయే ఈ జబ్బు చోటు కూడా తెలుసు. కుదుళ్ళతో కాసిని వెంట్రుకలు పీకి పంపితే చాలు. ఆ సంగతి చెప్పడంలోనే నేను పప్పులో కాలేశాను. చదువు చూపించుకోవాలని 'జన్యుపటం' అన్నాను. మా ఇళ్ళలో పటం కట్టించేది పోయినవాళ్ళకే.

"బతికున్నోనికి పటమేంది పాపా?" అని నాయన లేచి షెడ్డుకు వెళ్ళిపోయాడు.

పొలం సర్వే లాంటిదే, ఏ నంబరు ఎక్కడుందో చూడడమేనని సర్దిచెబితే మెత్తబడ్డాడు. వెంట్రుకలు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. అరటిపండు తినిపిస్తూ తనే పీకాడు. వాడి కూతుళ్ళవీ పీకాడు గానీ, వాటికి అరటిపండ్లు లేవు.

ఫలితం ఫోనులో వచ్చింది. ఆ జబ్బు తెచ్చే మచ్చ పెద్దోడి జన్యువుల్లో సగమే ఉంది. అందుకే వాడు నిక్షేపంలా ఉన్నాడు. కొందరు కూతుళ్ళలోనూ ఆ సగం ఉంది. తండ్రి సగం, తల్లి సగం రెండూ చేరిన పిల్లలే లారీ దగ్గర కూలిపోతున్నాయి. షెడ్డు నిలవాలంటే పెద్దోడు, ఆ కూతుళ్ళు పోవాలి, బయటి పోతు రావాలి. నాయనను ఎప్పుడూ ఆటపట్టించే నేను, ఆ మాట మాత్రం ఫోనులోంచి చదివినట్టు చెప్పేశాను. ఆయన వాడి చెవి వెనక గోకుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే చర్చి చొక్కా వేసుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. పక్కన పెద్దోడు, కడిగిన ఒంటితో.

"మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యి పాపా. వానికి పటం కట్టిద్దాం."

అమ్మడానికి ఒప్పుకున్నాడని అప్పుడర్థమైంది. ఏడుపొచ్చి ఫోను కదిలిపోయింది. మసకగానే ఉన్న ఆ ఫోటో ఇప్పుడు మా గోడ మీద ఉంది. దానికోసం నా డిగ్రీ ఫోటోను వంటింట్లోకి మార్చారు.