చాప మీద చాచా పక్కన

మారేడ్‌పల్లిలో మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం కన్నుమూశారు. ఆయన కూతురే ఫోన్ చేసింది. "నాన్న పోయిండే" అంది. చిన్నప్పుడు మేమిద్దరం వాళ్ల హాల్లో చాప మీద కూర్చుని వీడియో గేములు ఆడుకునేవాళ్లం. మాతో పాటు ఆడిన మూడో మనిషి చాచా.

కార్ఖానా బస్తీలో ఆయనకు చెప్పుల దుకాణం ఉండేది. నలభై దాటాక వినికిడి తగ్గుతూ వచ్చింది. మిషన్ పెట్టుకుంటే చెవిలో గోల తప్ప మాట తెలిసేది కాదట. పెళ్లిళ్లలో అందరూ నవ్వాక, వాళ్లను చూసి తనూ నవ్వేవారు. సాయంత్రాలు మా వెనక కుర్చీలో కూర్చుని మా ఆట చూసేవారు. ఒకరోజు కుర్చీ దిగి వచ్చి, "జెర నాకు సుత నేర్పుర్రి" అన్నారు.

అది కార్ల పందెం. టీవీ తెరలో పై సగం ఒకరిది, కింది సగం ఇంకొకరిది. ఆ ఆటలో ఆయనకు వినబడదన్న సంగతే మాకు గుర్తుండేది కాదు. నేను తెర చూస్తుంటే ఆయన నన్ను చూసేవారు. "నీ మొహంలనే తెలుస్తది బిడ్డా, భయపడ్డవ్!" అని నవ్వితే వీధి చివరిదాకా వినబడేది. ఓడిపోతే మాత్రం నా మోచేయి తగిలిందని తగాదాకు దిగేవారు.

పెళ్లయి బొల్లారం వెళ్లిన కూతురు, ఈమధ్య ఆయనకు కొత్త గేమ్ పెట్టె కొనిచ్చింది. చాచా నన్ను పిలిచారు. బొమ్మలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. కానీ ఆ పందెంలో, ఆ తెర మీద, రెండో మనిషికి చోటు లేదు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఇంటర్నెట్‌లో ఆడాలి, హెడ్‌సెట్‌లో మాట్లాడుకోవాలి.

"ఏందీ, పక్కన కూసుంటే ఆడనియ్యదా?" అన్నారు చాచా. నేను తల అడ్డంగా ఊపాను.

కూతురు బొల్లారం నుంచి ఆడింది. ముందుకు దూసుకుపోయి, ఆగి, కారు లైట్లు ఆర్పి వెలిగిస్తూ నాన్న కోసం ఎదురుచూసింది. ఆట అయ్యాక చాచా హెడ్‌సెట్ తీసి నా చేతికిచ్చారు.

"ఏమంటున్నది?"

"మీరు బాగా ఆడారంటోంది చాచా" అన్నాను, ఆయనకు కనబడేలా పెదాలు కదుపుతూ.

"నవ్వుతున్నదా?"

మళ్లీ చెవికి పెట్టుకుని విన్నాను. నవ్వుతోందని చెప్పాను.

ఆ తర్వాత ఆయన అటక మీది పాత పెట్టెను దించుకున్నారు. వీధిలో కుర్రాళ్లను ఆటకు పిలిచేవారు. వాళ్లు వచ్చి, చాయ్ తాగుతూ, ఎవరి ఫోన్‌లో వాళ్లు ఆడుకుని వెళ్లిపోయేవారు. "ఎవరి పరేషాన్ వాళ్లకుంటది, ఏమనకు" అనేవారు నాతో. ఒంటరిగా, ఆ ఆటలోని కంప్యూటర్ కార్లతోనే పందెం వేసేవారు. "గెలుస్తున్న గానీ, ఎవరి మొహం చూడాలె?" అన్నారోసారి.

నాకూ ఇప్పుడు ఆటలో తోడు ఏవేవో ఊళ్లలో ఉంది. పేర్లు తెలుసు. ఒక్కరి ముఖమూ తెలియదు.

చాచాతో చివరిసారి ఆడింది ఒక ఆదివారం మధ్యాహ్నం. పందెం మధ్యలో కరెంటు పోయింది. నేను లేవబోయాను.

"కూసో బిడ్డా, వస్తది."

ఫ్యాన్ మెల్లగా తిరిగి ఆగిపోయింది. నల్లబడిన టీవీ తెరలో మేమిద్దరం, భుజానికి భుజం ఆనించి కూర్చుని, మసకగా కనిపిస్తున్నాం. చాచా చేతిలోని ఆట రిమోట్ వదల్లేదు. నేనూ వదల్లేదు.