పగిలిన హబ్బు, ఇద్దరి బరువు

వోబెకు చూపు పోయి ఏళ్ళు గడిచాయి. అయినా ఎవరింటి కిటికీకి కొత్త తెరలు కట్టారో ఊళ్ళో అందరికంటే ముందు అతనికే తెలిసేది. అదంతా భార్య హిస్కె చలవ. ఆమె సైకిలు తొక్కేది. అతను వెనక క్యారియర్ మీద కాళ్ళు రెండూ ఒకవైపుకి వేసుకుని, ఆమె నడుము పట్టుకుని కూర్చునేవాడు. దారి పొడుగునా ఆమె నోరు మూతపడేది కాదు. "గొర్రెలు సముద్రపు కట్ట ఎక్కాయి. పాస్టరు గారి కంచె మళ్ళీ ఒరిగింది. ఎవరో మనల్ని ఫొటో తీస్తున్నారు, కాస్త నవ్వు మొహం పెట్టు." కళ్ళున్నవాళ్ళు చూసి మర్చిపోయేవన్నీ అతను విని దాచుకునేవాడు.

చూపు ఉన్నన్నాళ్ళూ అతను సైకిళ్ళు బాగుచేసి బతికాడు. ఆ తర్వాత దుకాణాన్ని తన దగ్గర పని నేర్చుకున్న గెర్లోఫ్‌కు అప్పగించాడు. సముద్రం ఒడ్డున బతికే మా ఫ్రీస్‌లాండ్ వాళ్ళకొక జబ్బుంది, ఏదీ పారేయం. సముద్రపు ఉప్పుగాలికి హిస్కె సైకిలు వెనక రిమ్ము తుప్పు తినేసింది. కొత్త చక్రం కొనుక్కోవచ్చు గదా? ఊహూ. చక్రం పుల్లలన్నీ తగులుకునే నడిమి హబ్బు బాగానే ఉంది, పారేస్తే పాపం అన్నారు ఇద్దరూ. వోబె వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వేలికొసలతో తడుముతూ పాత హబ్బుకే కొత్త పుల్లలు, కొత్త రిమ్ము బిగించాడు. తిప్పి చూస్తే చక్రం వెంట్రుకవాసి ఊగలేదు. ఊరంతా వచ్చి మెచ్చుకుంది. కొన్నాళ్ళపాటు అతను పెళ్ళికొడుకులా తిరిగాడు.

ఆ హబ్బే ఈ వసంతంలో పగిలింది. పాటల బృందంలో సాధన ముగించుకుని ఇద్దరూ సముద్రపు కట్ట మీదుగా వస్తుంటే ఠప్పుమంది, చక్రం మెలికలు తిరిగింది. హిస్కె కాళ్ళు నేలకి ఆనించి ఎలాగో ఆపింది. ఎముకలు దక్కాయి, అదే పదివేలు. ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ ఇల్లు చేరారు.

మర్నాడే కూతురు ఫర్దౌ దిగింది. "ఇద్దరి బరువుకీ లోహమే పగిలింది. ఈసారి పగిలేది మీ తుంటి ఎముకలే. నాన్నా, నువ్వు ముసలివాళ్ళని తిప్పే వ్యానులో వెళ్ళు. అమ్మా, నువ్వు ఒక్కదానివే తొక్కుకో. బరువు వల్ల కాదని గెర్లోఫ్ అంటే ఇంక నోరెత్తను."

వోబె ఆ వ్యాను ఒకసారి ఎక్కాడు. డ్రైవరు మంచివాడే. "బెల్టు పెట్టుకున్నారా" అని అడిగాడు, ఆ తర్వాత దిగేదాకా మాటలేదు. దారిలో ఏముందో వోబెకు తెలియలేదు. ఇక మీదట రోజూ ఇంతేనా అనుకున్నాడు.

శనివారం ముగ్గురూ దుకాణానికి వెళ్ళారు. గెర్లోఫ్ పుల్లలు విప్పి, హబ్బును దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమో ఫర్దౌ. బరువే అయ్యుంటుంది."

వోబెకు ఆ గొంతు తెలుసు. పని నేర్చుకునే రోజుల్లో ఏదైనా పాడుచేసి దాచినప్పుడు గెర్లోఫ్ ఇలాగే నసిగేవాడు.

"ఇలా ఇవ్వు."

"ఎందుకు పెద్దాయనా, అంచు గీసుకుంటుంది."

"నా వేళ్ళు, నా ఇష్టం. ఇవ్వు."

వోబె బొటనవేలి గోరుతో పగులు వెంబడి వెళ్ళాడు. ఒక మేర నున్నగా తగిలింది. చాన్నాళ్ళుగా కొంచెం కొంచెంగా చీలిన చోటది. మిగతాది గరుకు, ఆ రోజు ఒక్కసారిగా తెగింది. నున్నటి మేర ఎక్కడ మొదలైందా అని వెనక్కి తడిమాడు. హబ్బు కుడి అంచులో పుల్ల దూరే రంధ్రం దగ్గర వేలు ఆగింది. అక్కడ పుల్ల ఒత్తిన గాడి ఒకటి కాదు, రెండున్నాయి. ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తున్నాయి.

"ఎడమవైపు అంచు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"సన్నటి గీతైనా లేదా?"

"లేదు."

"మరి మేమిద్దరం ఇన్నాళ్ళూ చక్రానికి కుడివైపే కూర్చున్నామా?"

పాత హబ్బు మళ్ళీ వాడితే పుల్ల తన పాత గాడిలోనే పడుకోవాలి. దాన్ని ఎదురు దిక్కుకి లాగితే రెండు గాడులు కలిసిన చోట హబ్బు చీలుతుంది. ఈ మాట ఊరందరికీ నూరిపోసింది వోబెయే. ఆ రోజు వంటింటి బల్ల దగ్గర తను ఎడమవైపు సరిగ్గానే అల్లాడు. కుడివైపు ఒక్క రంధ్రం పక్కకి జరిగి మొదలుపెట్టాడు, దాంతో అటువైపు పుల్లలన్నీ ఎదురు తిరిగాయి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

"చూడగానే తెలిసింది కదరా నీకు?"

"తెలిసింది. ఈ పని నాకు నేర్పింది మీరు. మీ మొహం మీద ఎలా చెప్పను?"

"నా పరువు కాపాడబోయి నాకున్న కళ్ళు కూడా పీకేసేవాడివి" అన్నాడు వోబె. అంటూనే పగలబడి నవ్వాడు. తన తప్పు బయటపడినందుకు అంత సంతోషించిన మనిషిని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"అయితే బరువు కాదా?" అంది ఫర్దౌ.

"కాదమ్మా. మీ నాన్న" అన్నాడు వోబె.

ఫర్దౌ ఇచ్చిన మాట మీద నిలబడింది, మళ్ళీ వ్యాను ఊసెత్తలేదు. "ఈసారైనా కొత్త హబ్బు కొనండి" అని మాత్రం అంది. గెర్లోఫ్ అప్పటికే అటక మీది హబ్బుల పెట్టె దించుతున్నాడు. వోబె తడుముకుంటూ వెళ్ళి అతని భుజం పట్టుకున్నాడు. "అది పారేయకుండా నా చేతికిచ్చావు. చాలురా, చల్లగా ఉండు" అన్నాడు.

హిస్కె ఒక్క మాటా మాట్లాడలేదు. దారి పొడుగునా వాగే మనిషి ఊరుకునేసరికి వోబెకు భయమేసింది.

"ఏమైందే?"

"నా వల్లేననుకున్నాను. నేనే బరువెక్కానేమోనని ఆ రోజు నుంచీ రొట్టెకి వెన్న మానేశాను. ఒకవేళ నేనే కారణమైతే నీకు మొహం ఎలా చూపించాలా అని ఏడుస్తున్నా."

"నాకు మొహం చూపించడమేమిటే, పిచ్చిదానా" అన్నాడు వోబె.

ఆమె అతని గరుకు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. "పెళ్ళయిన నాటి నుంచీ నువ్వు చేసిన తప్పులన్నీ భరించాను ముసలోడా. దీనికొక్కదానికే నీకు దండం పెట్టాలనిపిస్తోంది."