ఎర్రది బాగుండాదా?

మా అమ్మాయి నుదుటిమీద మొటిమ లేచిందని మేముండే గంగాలిన్‌లోని మందుల షాపులో టీ ట్రీ నూనె కొనుక్కొచ్చి, మూత తీసి వేలితో ఓ చుక్క అద్దబోయానో లేదో, ఆ ఘాటు వాసనకి నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. సీసాలోని నూనె చెట్టూ మా క్రాన్‌బర్న్ బీడులోని టీ ట్రీ పొదా ఒకటి కాదని పెద్దయ్యాక తెలిసింది గానీ, ముక్కుకి ఆ తేడాలు పట్టవు. తొమ్మిదేళ్ళ పిల్లనై, మంచుకి తడిసిన కొమ్మల్ని మోచేతులతో తోసుకుంటూ మా అవ్వ వెనకాల నడుస్తున్నాను మళ్ళీ.

మేం ఫిజీ తెలుగువాళ్ళం. ఎనభైల చివర్లో అక్కడ గొడవలయ్యాక, లంబాసా దగ్గర చెరకు తోట వదిలేసి నాలుగు పెట్టెలతో మెల్బోర్న్ చేరాం. అవ్వంటే నాన్నవాళ్ళమ్మ. ఇల్లు వదిలినందుకు ఆమె ఏడవలేదు గానీ, గౌరి అనే ఎర్రావుని పక్కింటివాళ్ళ గుంజకి కట్టేసి వచ్చినందుకు విమానం దిగేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. కొత్త ఇంట్లో ఆమెకి పనీ లేదు, మాట్లాడే మనిషీ లేడు. నేనా, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే రకం.

నాన్నతో ఫ్యాక్టరీలో పనిచేసే కెన్ అంకుల్ మెల్బోర్న్ శివారులోని ఆ క్రాన్‌బర్న్ బీడు బాగోగులు చూసేవాడు. ఇసుక నేల, నడుమెత్తు పొదలు. అవి మరీ కమ్మెయ్యకుండా మేస్తాయని పద్దెనిమిది ఆవుల్నీ ఏడు పోనీ గుర్రాల్నీ కంచె లోపల వదిలేశారు. కాపరి లేడు. ఇష్టమున్నవాళ్ళు రోజుకొకరు వంతులేసుకుని వెళ్ళి, అన్నిటినీ వెతికి చూసి, ఏది కుంటుతోందో, దేని కళ్ళు కారుతున్నాయో, తొట్టిలో నీళ్ళున్నాయో లేదో కాగితంమీద టిక్కులు పెట్టి రావాలి. ఆదివారం వంతు మాది. నియమాలు రెండే: ముట్టుకోకూడదు, ఏమీ తినిపించకూడదు.

చలికాలంలో అమ్మ ఉడకబెట్టిన కర్రపెండలం, కొబ్బరి పచ్చడి డబ్బాలో పెట్టిస్తే అది నా ఒళ్ళో వెచ్చగా ఉండేది. వసంతంలో బీడంతా తెల్లగా, గులాబీగా పూసేది, మ్యాగ్‌పై పిట్టలు నెత్తిన పొడుస్తాయని నేను ఐస్‌క్రీమ్ డబ్బా బోర్లించుకుని నడిచేదాన్ని, ఎండాకాలం ఉత్తరపు గాలికి ఈగలు నోట్లోకి దూరేవి, పాముల భయానికి నాన్న కర్రతో నేల కొడుతూ ముందు నడిచేవాడు. అవ్వ మాత్రం ఏ కాలమైనా ఒక్కటే వేషం: నేత చీర, దాని కింద నల్ల గంబూట్లు. నాన్న బైనాక్యులర్స్ సర్దుకునేలోపే అవ్వ పేడ చూసి ఏ ఆవు సరిగ్గా మేయడం లేదో చెప్పేసేది. చెవులు వేలాడితే జ్వరం, పడుకుని నెమరేస్తే నిశ్చింత అని నాకు నేర్పింది. పోనీలు వచ్చి ఆమె కొంగు వాసన చూస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది, నియమమంటే నియమమే.

ఆ మందలో తెగిన చెవి ఎర్రావొకటి ఉండేది. అవ్వ దాన్ని గౌరి అని పిలవలేదు, "ఎర్రది" అనేది అంతే. కానీ దాన్ని చూసినరోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేది.

ఆ ఏడు దీపావళి ఆదివారం వచ్చింది. నాన్న తొట్టి దగ్గర ఉండగా అవ్వ ఇటూ అటూ చూసి, కొంగు ముడి విప్పి, ఎర్రదాని నుదుట పసుపు రాసి ఇంత కుంకుమ అద్దింది. అది కదలకుండా నిలబడింది. అవ్వ నావైపు తిరిగి పెదవులమీద వేలు పెట్టుకుంది.

మర్నాడు వంతు వచ్చినావిడ ఆవు తల పగిలి నెత్తురు కారుతోందని కబురు పంపిందట. వెటర్నరీ డాక్టర్ వచ్చి పొద్దంతా పొదల్లో తరిమితే, బెదిరిన మంద కంచెమీద పడిందట. సాయంత్రం కెన్ అంకుల్ మా గుమ్మంలో నిలబడి, దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా అనడిగాడు.

"నో మేట్, మాకు రూల్స్ తెలుసు," అన్నాడు నాన్న.

"అవ్వ డిడ్ ఇట్," అన్నాను నేను. స్కూల్లో నిజం చెప్పినవాళ్ళకి స్టిక్కర్ ఇచ్చేవారు మరి.

కెన్ అంకుల్ సంగతి విని నవ్వేశాడు, ఇంకెప్పుడూ ముట్టుకోవద్దని చెప్పండి చాలు అన్నాడు. నాన్న నవ్వలేదు. ఆయన వెళ్ళాక అవ్వతో, "నువ్వింక రావొద్దమ్మా," అన్నాడు. అవ్వ గంబూట్లు కడిగి వెనక వరండాలో బోర్లించింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె గుమ్మంలోనే ఎదురుచూసేది.

"ఎర్రది బాగుండాదా?"

"ఆల్ గుడ్, అవ్వా."

పై చలికాలంలో ఒక ఆదివారం ఆవుల లెక్క పదిహేడే వచ్చింది. ఎర్రదాని పళ్ళు అరిగిపోయాయని, చలికి తట్టుకోదని, గురువారం ట్రక్కు ఎక్కించి తీసుకుపోయారని కెన్ అంకుల్ చెప్పాడు. ఎక్కడికని నాన్న అడగలేదు. కారులో దారి పొడుగునా అవ్వకి నిజం చెప్పాలనే అనుకున్నాను. గుమ్మంలో ఆమె మొహం చూశాక, "ఆల్ గుడ్," అన్నాను. అది చాలదేమోనని, పడుకుని నెమరేస్తోందని కూడా తెలుగులో చెప్పాను. అలా మూడేళ్ళు, ఆదివారానికొక కబురు.

తను పోయే ముందు చలికాలం, మంచంమీద ఉన్న అవ్వ నా కబురంతా విని, నా చెయ్యి నిమిరి అంది: "ఏందోమ్మే, ఆ ఎర్రదానికి ముసలితనమే రాదే."

పై ఆదివారం మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ చెప్పాను.

పోయినేడు క్రాన్‌బర్న్ వెళ్ళి చూశాను. మా బీడంతా ఇళ్ళయిపోయింది, నీళ్ళ తొట్టి ఉన్నచోట పిల్లల ఉయ్యాలలున్నాయి. టీ ట్రీ పొద ఒక్కటీ మిగల్లేదు. ఎవరి గుమ్మంలోనూ, ఎవరూ దేని గురించీ అడగడానికి నిలబడి లేరు.

"అమ్మా, ఆర్ యూ ఓకే?" అంది మా అమ్మాయి, నుదురు నా ముందు పెట్టి ఓపిగ్గా నిలబడి. చుక్క అద్దుతూ దానికి ఎర్రదాని సంగతి చెప్పాను. "సో వాట్ హ్యాపెన్డ్ టు హర్?" అని అడిగింది.

లేదమ్మా, అది బాగాలేదు, ముసలిదైపోతే తీసుకుపోయారు, అన్నాను. ఆనాడు అవ్వకి చెప్పాల్సిన జవాబది, తెలుగులోనే చెప్పాను.