ఎలిరింగియా పెట్టిన నాలుగు రాళ్లు

కిలిమంజారో మీద వంటంటే ఎలిరింగియాదేనని మరంగు ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నీళ్లు తెర్లినా సరిగా కాగని ఆ ఎత్తులో, స్టవ్వు ఆరిపోకుండా గాలికి ఒళ్లు అడ్డం పెట్టి, ఇరవై రెండేళ్లుగా దేశదేశాల వాళ్లకు అరటికాయ మాంసం సూపూ గంజీ పోసి శిఖరానికి పంపుతున్నాడు. ఊరికి తెలియని సంగతి ఒక్కటే. ఆయన అందరినీ ఎక్కించాడు గాని తాను ఎక్కలేదు. వంటవాళ్లూ మోతగాళ్లూ ఆఖరి మజిలీ కీబోలో ఆగిపోతారు. ఆ పైది గైడుకీ అతని వెంట వచ్చినవాళ్లకీ మాత్రమే.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే అరటి బీరు రెండో సొరబుర్ర దాటాక ఎలిరింగియాకి నిజం బొత్తిగా రుచించదు. పెద్ద కూతురు మాన్కా పుట్టిన ఏడాది కొండ దిగొచ్చి, "శిఖరం మీద పాతిన బోర్డు కింద దాని పేరున ఒక రాయి పెట్టొచ్చాను" అన్నాడు. భార్య ఐకాండే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ నీళ్లు చూశాక మాట వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. తర్వాత ముగ్గురు పిల్లలు పుట్టారు, మూడు రాళ్లు పెరిగాయి.

మొన్న డిసెంబరులో, తమ దేశ స్వాతంత్ర్య దినానికి శిఖరం మీద పాడాలని చర్చి పాటల బృందం ఆడవాళ్లు పదకొండుమంది తీర్మానించారు. ముందుండి నడిపించింది ఐకాండే.

"వంటకి నువ్వే రావాలి మాన్కా నాన్నా. మన రాళ్ల దగ్గర నిలబడి పాడతాం. ఎక్కడున్నాయో చెప్పి పంపితే చాలు" అంది.

ఎలిరింగియా కంచం పక్కకు జరిపి, సామాన్లు చూసుకోవాలంటూ లేచిపోయాడు.

బయలుదేరే రోజు పొద్దున్నే పెరటి కంచెలో ఇసాలే ఆకు ఒకటి కోసి, ముడివేసి, టోపీలో దాచుకున్నాడు. ఆ కొండ కింది చగ్గా తెగవాళ్లలో ఆ ఆకు చేతికిచ్చి తప్పు కాయమంటే ఎవరూ కాదనకూడదు. మొదటి మజిలీలో ఆకు ఇచ్చి నిజం చెప్పేద్దామని ధైర్యం కూడగట్టుకుని ఆడవాళ్ల గదికి వెళ్లాడు. పక్కింటి ఎలినూరు జరిగి చోటిచ్చింది.

"కూర్చోండి బావగారూ. పైన ఎట్టా ఉంటదో కాస్త చెప్పండి."

అంతే, నోరు దాని దారిన అది పోయింది. మంచు గోడల నీలం రంగు, కాళ్ల కింద మబ్బులు, బోర్డు పక్కన వీచే గాలి వాసన, అన్నీ చెప్పాడు. గైడు కివేలుకి అసలు సంగతి తెలుసు. నవ్వు ఆపుకోలేక అతను దగ్గుతున్నట్టు బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు కివేలే ఉపాయం చెప్పాడు. "ఎందుకన్నా ఈ తిప్పలు? నువ్వూ మాతో రా. అందరికంటే ముందు నడిచి నాలుగు రాళ్లు పడేయ్."

"ఎక్కగలనంటావా?"

"ఇరవై రెండేళ్లుగా కీబో దాకా వస్తూనే ఉన్నావుగా. ఇంకొంచెమేగా."

ఎలిరింగియా వాగులోకి దిగి నాలుగు నున్నటి రాళ్లు ఏరి, బంగాళాదుంపలు కడిగినంత శ్రద్ధగా కడిగి, కోటు జేబుల్లో వేసుకున్నాడు.

శిఖరానికి అర్ధరాత్రి బయలుదేరడం అక్కడి పద్ధతి. మొదటి గంట ఆయన ముందు నడుస్తూ "మెల్లగా అమ్మా, మెల్లగా" అని ఆడవాళ్లకు జాగ్రత్తలు చెప్పాడు. రెండో గంటలో ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఆయనకు ఊపిరే అందడం లేదు. సగం దారిలో గుహ దగ్గర కూలబడి, స్వయంగా కాచిన గంజినంతా కక్కేశాడు. కివేలు దీపం ఎత్తి ఆయన కళ్లలోకి చూశాడు.

"దిగిపోవాలన్నా. ఇంకొక్క అడుగు కూడా వద్దు."

ఎలిరింగియా టోపీలోంచి ఆకు తీసి భార్య చేతిలో పెట్టాడు. "పైన రాళ్లు లేవు. నేనెప్పుడూ అక్కడికి వెళ్లలేదు. అంతా అబద్ధం."

"అయ్యో పాపం, ఎత్తు తలకెక్కింది" అంది ఎలినూరు.

"ఇక్కడికొస్తే ఇంతేనమ్మా" అన్నాడు కివేలు తడుముకోకుండా. "నిరుడు ఒకాయన నన్ను పట్టుకుని అమ్మా అని ఏడ్చాడు."

కొండ గురించి ఎలిరింగియా జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.

మిగతా ఆడవాళ్లు గాలికి ఓర్వలేక గుహలోకి జరిగారు. దిగడానికి బరువు తగ్గుతుందని కివేలు ఆయన కోటు జేబులు దులిపాడు. నాలుగు రాళ్లు టకటకా కింద పడ్డాయి. ఐకాండే వంగి ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ గుహ దగ్గరన్నీ గరుకు రాళ్లే. ఇది నున్నగా ఉంది, వాగులో నాని నాని అరిగిన రాయి. ఆమె నాలుగింటినీ ఏరి తన సంచిలో వేసుకుంది. ఆకు కూడా అందులోనే పెట్టుకుంది.

"నువ్వు దిగి గంజి కాచిపెట్టు" అని పైకి నడిచింది. కివేలు వెంట వచ్చిన కుర్ర గైడు ఎలిరింగియాను పట్టుకుని కిందికి దించాడు.

కీబోలో ఎలిరింగియా గంజి రెండుసార్లు మాడ్చాడు. ఊరంతా నవ్వుతుందేమోనని కాదు ఆయన భయం. మాన్కా పుట్టినప్పుడు ఐకాండే ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చి, దాన్ని దొంగిలించి తిన్నట్టు అనిపించింది.

పొద్దెక్కాక ఆడవాళ్లు మోకాళ్ల దాకా దుమ్ముతో దిగారు. ఎలినూరు దూరం నుంచే అందుకుంది. "చూశాం బావగారూ. నాలుగు రాళ్లూ బోర్డు కిందే ఉన్నాయి. అందరికంటే ముందు మాన్కా అమ్మే వెళ్లి చూసింది."

అందరూ లోపలికి వెళ్లాక ఐకాండే గంజి గిన్నెతో స్టవ్వు పక్కన కూర్చుంది.

"ఆకు తీసుకున్నాను కాబట్టి నిన్నేమీ అనను. పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పి పెట్టొచ్చాను. ఇప్పుడది అబద్ధం కాదు."

ఎలిరింగియా టోపీతో కళ్లు తుడుచుకున్నాడు.

"కాకపోతే ఒక మాట" అంది ఆమె. "పైకి వెళ్లొచ్చింది నేను. ఇక ఊళ్లో ఆ కథ చెప్పేదీ నేనే. నువ్వు పక్కన కూర్చుని వినాలి."

"వింటాను."

"మధ్యలో దిద్దకూడదు."

దీనికి మాత్రం ఎలిరింగియా చాలాసేపు ఆలోచించాడు. తర్వాత, చేసేదేమీ లేక, తలూపాడు.

"గంజి మాడింది" అని ఐకాండే మళ్లీ గిన్నె చాపింది.