మూడేళ్ళ పెళ్ళికూతురు, మూడు పెన్సిల్ సెల్లులు

ఆ రోజుల్లో బెంగళూరులో జాతకం చేత్తో రాసిస్తే జనం పెదవి విరిచేవారు. అదే జాతకం కంప్యూటరులోంచి కిర్రుకిర్రుమంటూ అచ్చయి బయటికొస్తే కళ్ళకద్దుకునేవారు. తొంభైల చివర్లో నేను కాటన్‌పేటలో మా మేనమామ నడిపే కంప్యూటర్ జాతక కేంద్రంలో ‘ఇంజినీరు’ని. (ఆరు నెలల కోర్సు. అందులో రెండు నెలలు కరెంటే లేదు.) మామ ముప్ఫై ఏళ్ళు పంచాంగం చూసి చెప్పిన మనిషి. గిరాకీ తగ్గాక, ఏదో ఆఫీసువాళ్ళు పారేయబోతున్న పాత కంప్యూటరును తెచ్చి, దాని నెత్తిన విభూతి రేఖలు దిద్ది కూర్చోబెట్టాడు. మామ నోటితో చెబితే నమ్మనివాళ్ళు అదే మాట అచ్చులో చూసి దండం పెట్టేవారు.

ఆ కంప్యూటరు మహానుభావుడికి ఒకటే రోగం. లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా తేదీ మరిచిపోయి 1980 జనవరి ఒకటికి వెళ్ళి కూర్చునేది. జాతకం ప్రోగ్రామేమో ఆ తేదీని బట్టే వయసు, దశ, పెళ్ళి యోగం లెక్కగట్టేది. రోజూ తలుపులు తీయకముందే నేను దొంగలా తేదీ కొట్టేవాణ్ణి. మధ్యలో కరెంటు పోయి వస్తే మాత్రం జనం ముందే కొట్టాలి. మామకు అది ప్రాణసంకటం.

“నూరేండ్ల భవిష్యత్తు చెప్పే మిషనుకు ఈ పొద్దు ఏం తేదీనో తెలీదని జనానికి తెలిస్తే మన గతేంగావాలప్పా? ఈ వారంలో బాగుచేస్తివా, ఈడే ఉండు. లేదంటే హిందూపురం బస్సెక్కి మీ నాయన నూనెమిల్లు చూసుకో,” అన్నాడు.

బెంగళూరు వదలాలంటే ఏడుపొచ్చేది. బోర్డు నుంచి పీకిన బ్యాటరీ పట్టుకుని నగర్తపేట సందులన్నీ తిరిగాను. పచ్చగా చిలుమెక్కిన దాన్ని చూసి ఒక దుకాణంవాడు, “ఇది మ్యూజియంలో అడుగు గురూ,” అని పడీపడీ నవ్వాడు. చివరికి రేడియోలు బాగుచేసే ఒక ముసలాయనకు జాలేసింది. “ఇట్లాంటివి ఇప్పుడు తయారు చేయరప్పా. బోర్డు మీద ముళ్ళ మాదిరి నాలుగు పిన్నులు ఉండాయి గదా, మూడు పెన్సిల్ సెల్లులు డబ్బాలో పెట్టి ఆ ముళ్ళకు తీగ తగిలించు,” అన్నాడు. తగిలించాను. ఆపాను. మళ్ళీ వేశాను. తేదీ నిలిచింది! ఆ క్షణాన నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

మామ ఊరుకుంటాడా? “కొత్త వస్తువుకు పూజ చేయకుంటే ఎట్లప్పా?” అంటూ సెల్లుల డబ్బాకు తడిపసుపు దట్టంగా మెత్తి, కుంకుమ పెట్టి, తడి దారం మూడు చుట్లు చుట్టాడు. నేనూ భక్తిగా చేతులు జోడించి నిలబడ్డాను. (తడి తగిలితే సెల్లులు కారిపోతాయని కోర్సులో చెప్పే ఉంటారు. బహుశా ఆ రోజు కరెంటు లేదు.)

శుక్రవారం కె.ఆర్.పురం నుంచి ఒక పెద్దాయన ఇరవై మూడేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. అబ్బాయి జాతకమూ తెచ్చాడు. “పిల్లోడు మంచోడే. మావాళ్ళందరికీ ఇష్టమే. మిషను ఊ అంటే ముహూర్తం పెట్టుకుంటాం, ఉహూ అంటే లేదు,” అన్నాడు. అంతలో కరెంటు పోయి వచ్చింది. కొత్త బ్యాటరీ ఉందన్న ధీమాతో నేను తేదీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కాగితం కిర్రుమంటూ వచ్చింది. పెద్దాయన గట్టిగా చదివాడు: “వధువు వయసు మూడు సంవత్సరములు. వివాహమునకు ఇంకనూ పదిహేనేండ్లు ఆగవలెను.”

తెర మీద తేదీ చూశాను: 1980 జనవరి ఒకటి. పసుపు తడికి సెల్లులు కారిపోయాయి. మామ మాత్రం తొణకలేదు. “అది ఆత్మ వయసు. శుక్రుడు అట్ల ఉండాడు, ఏం చేస్తాం,” అన్నాడు. పెద్దాయన నమ్మేశాడు! “పదిహేనేండ్లా? వాళ్ళు ఆగరు గదా స్వామీ. వద్దని చెప్పేస్తాం,” అంటూ లేచాడు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎక్కడినుంచి వచ్చిందో నాకా తెగువ, “వద్దు సార్! మిషనుకు ఏమీ తెలీదు, బ్యాటరీ పోయింది, తేదీ నేనే కొడతాను,” అని కక్కేశాను.

“అంటే నువ్వు ఏం తేదీ కొడితే అదే నమ్ముతాదా?”

“అవును సార్.”

పెద్దాయన కూతురి వంక చూశాడు. “థూ, దీని మాట ఇని బిడ్డను ఏడిపిస్తి గదా!” అని కాగితం నలిపేసి, మామ చేత పంచాంగం తీయించి ముహూర్తం పెట్టించుకుని వెళ్ళాడు. మామ నాతో ఒక్క మాటే అన్నాడు, “సోమవారం పొద్దున బస్సు.”

సోమవారం సంచీ భుజాన వేసుకుని తలుపు తీశాను. గడపలో నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన గొంతు తగ్గించి, “కె.ఆర్.పురం పెద్దాయన చెప్పినాడు, ఈడ తేదీలు మనం చెప్పినట్ల కొడతారంట గదప్పా? మా పాపకు కుజదోషం ఉండాది...” అన్నాడు. మామ వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు. నా భుజం మీది సంచీ తీసి లోపల పెట్టి, “కూర్చో ఇంజినీరూ,” అన్నాడు.

అలా నిజం చెప్పిన పుణ్యానికి అబద్ధాలు కొట్టే ఉద్యోగం ఖాయమైంది. నాలుగేళ్ళకు నాకొచ్చిన సంబంధం జాతకమూ ఆ మిషను మీదే వేశాను. కలవలేదు. అమ్మాయి నాకు తెగ నచ్చింది. ఆమె పుట్టినరోజును రెండు రోజులు వెనక్కి జరిపితే చక్కగా కలిసింది. ఇప్పటికీ గొడవ పడినప్పుడల్లా మా ఆవిడ, “జాతకాలు అంత బాగా కలిశాయి కదా, మరి మీరెందుకిలా ఉన్నారు?” అంటుంది. నేను మామలాగే శుక్రుడి మీదికి నెట్టేస్తాను. ఆ రోజు ఒక అమ్మాయి కళ్ళు చూసి ఉన్నదంతా కక్కేసిన ఆ కుర్రాడైతే చెప్పేసేవాడే. వాడికి నాకంటే ధైర్యమెక్కువ. పాపం, వాడికింకా పెళ్ళి కాలేదు.