శాలువాలకు బదులు ఒక గులాబీ

నాటింగ్‌హామ్‌లో నేను స్కూల్లో స్పానిష్ చెబుతాను. సిలబస్‌లో ఉన్న స్పానిష్ నవలలు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాదు. స్పెయిన్‌లోనే గలీషియన్, కాటలాన్ లాంటి ఇంకొన్ని భాషలున్నాయనీ, వాటికీ గొప్ప సాహిత్యం ఉందనీ చెప్పనిదే నాకు తోచదు. అది పరీక్షలో రాదు కదా మిస్ అంటారు పిల్లలు. రాకపోతే పోయింది, వినండి అంటాను.

వాళ్ళకు బాగా నచ్చేది కాటలాన్ కవుల పోటీ. మధ్యయుగాల్లో ఆ పోటీలో తర్వాతి స్థానాల వాళ్ళకు బంగారు పువ్వు, వెండి పువ్వు ఇచ్చి, మొదటి కవికి మాత్రం తోటలో కోసిన పువ్వు ఇచ్చేవారని చెప్పుకుంటారు. ఆ తర్వాత చాలాకాలం ఆ భాష ఎక్కువగా ఇళ్ళలో, బజార్లలో మాట్లాడుకోవడానికే మిగిలింది. పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని మళ్ళీ నిలబెట్టాలనుకున్నవాళ్ళు ఆ పోటీనే బయటికి తీశారు. తీసీ తీయగానే తగువు. కవిత్వానికి పాత గ్రంథాల భాషే తగినదని కొందరు, ఇవాళ మాట్లాడేదే రాయాలని కొందరు. మొదటిసారి చదివినప్పుడు, ఇది మనింటి గొడవే కదా అని గట్టిగా నవ్వుకున్నాను.

నిరుడు మా తెలుగు సంఘం ఉగాది కవిసమ్మేళనం నా నెత్తిన పడింది. మా దగ్గర కవిత చదివిన ప్రతి ఒక్కరికీ శాలువా, మెమెంటో. అందుకే కవులకు కొదవ లేదు. ఈసారి పోటీ పెడతాను, గెలిచేది ఒక్కరే, బహుమతి ఒక గులాబీ అని కమిటీలో తేల్చి చెప్పేశాను.

సంఘం అధ్యక్షుడైన అంకుల్ ముఖం చిన్నబోయింది. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఇక్కడే ఒక క్లినిక్‌లో డాక్టరుగా చేసి రిటైరయ్యారు.

"ఒక్క పువ్వు కోసం ఎవరొస్తారమ్మా?"

"వచ్చేవాళ్ళే రానివ్వండి అంకుల్."

ఆయన బెంగ శాలువా గురించి కాదు. ఏటా మనవరాలిని ముందు వరసలో కూర్చోబెట్టి మరీ కవిత చదువుతారు. ఇక్కడే పుట్టిన పదకొండేళ్ళ పిల్ల. ఇంట్లో తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో. ఆయన సమాసాలు దొర్లిస్తుంటే అది తల వంచుకుని ఫోన్ చూసుకుంటుంది. తను రాసింది ఆ పిల్ల ఒక్కసారి చెవిన వేసుకుంటే చాలని ఆయన ఆశ. చదువుతూ మధ్యలో దానివైపు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది.

కవితలు పేరు లేకుండా పంపమన్నాను. "ఓ ఆంధ్రవాగ్దేవీ" అని మొదలైనది ఎవరిదో అడగక్కర్లేదు. ఛందస్సు ఎక్కడా తప్పలేదు, కానీ అందులో మనిషి లేడు. నేను గులాబీకి ఎంచింది తెలంగాణ నుంచి మాస్టర్స్‌కు వచ్చిన ఒక అమ్మాయిని. షేర్డ్ ఫ్లాట్‌లో ఏ రోజు వంట ఎవరి వంతో చెప్పే రోటా గురించి రాసింది. అధ్యక్షుడు కాబట్టి అంకుల్‌కి ముందే చూపించాను.

"ఇది కవిత్వమా? వంటింటి మాటలు!"

"గలీషియన్‌లో ఒకావిడ పల్లె జనం పాడుకునే మాటలతో పుస్తకం వేసింది అంకుల్. ఆ సాహిత్యం మళ్ళీ లేచి నిలబడింది ఆ పుస్తకంతోనే అంటారు."

"నీతో వాదించి గెలవలేం," అన్నారు ఆయన విసురుగా.

ఉగాది రోజు ఆ అమ్మాయి వేదికెక్కి చదివింది.

"ఇయ్యాల రోటాల పేరు నాదే,
పప్పు మాడింది, పొగకు అలారం మొత్తుకుంది,
బిల్డింగంత పైజామలతోని కార్ పార్కుల నిలవడ్డది.
పప్పు మాడితె మాడనియ్యి,
కడుపులైతె మాడొద్దు గదా!"

హాలు గొల్లుమంది. పెద్దవాళ్ళకంటే ముందు నవ్వింది పిల్లలు. అంకుల్ మనవరాలైతే పొట్ట పట్టుకుని నవ్వింది. గులాబీ అందించి కిందికి దిగిన తాతను చెయ్యి పట్టుకుని ఆపి, "తాతా, వై డోంట్ యూ రైట్ వన్ లైక్ దట్?" అంది. ఆయన భోజనానికి కూడా ఆగకుండా కోటు వేసుకుని వెళ్ళిపోయారు. నాకు బాధేసింది. తీర్పు తప్పని మాత్రం అనిపించలేదు.

తర్వాతి ఆదివారం ఆయనే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నాలుగు ముక్కలు రాశాను, వింటావా? మా అమ్మ మాట్లాడే భాష. కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి."

గొంతు సవరించుకున్నారు.

"ఓసి నా తల్లే, ఇలాగొచ్చి
నా పక్కన కూకోవే.
గోదారి సల్లగా ఉన్నప్పుడు
ఏం సెప్పుద్దో సెప్తాను..."

అక్కడితో ఆగిపోయారు. రాసింది అంతేనేమో అనుకున్నాను. ఇంతలో ఆయన వెనకనుంచి చిన్న గొంతు వినపడింది.

"ఏం చెప్తుంది తాతా?"

ఆయన నన్ను లైన్లోనే మరిచిపోయి, ఆ పిల్లకు మొదటినుంచీ చదవడం మొదలుపెట్టారు.