ఇంట్లో ఎవరెవరుంటారు?

మా అబ్బాయికి ముప్ఫై ఏడు నిండాయి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో సొంత కొట్టు ఉంది, సిగరెట్టు కూడా ముట్టడు. అయినా ఆరేళ్లుగా ఒక్క సంబంధం కుదరలేదు. "కొట్టు" అనగానే అవతలివాళ్ల గొంతు చప్పబడిపోతుంది. పిల్లాడికి ఉద్యోగం ఉండాలిట, సిటీలో ఉండాలిట. కనబడ్డ దేవుడికల్లా మొక్కాను, జాతకాలు పట్టుకుని తిరిగాను. చివరికి పొద్దున్నే ఎవరో ఒకరిమీద అరవందే కాఫీ దిగని మనిషినైపోయాను.

నా పెళ్ళప్పుడు ఇలా కాదు. దేవరాపల్లిలో మా ఇంటికొచ్చి నన్ను చూసుకున్నారు. నడవమన్నారు, పాట పాడమన్నారు. మీ ఇంట్లో ఎంతమంది అని మేం అడగనేలేదు. కాపరానికొచ్చి చూస్తే పదకొండు మంది! రెండు పూటలా పదకొండు కంచాలు. ఏడవడానికి కూడా తీరిక ఉండేది కాదు. అంతమందిలో నన్ను కడుపులో పెట్టుకుని చూసింది మా అత్తగారొక్కతే. అందరూ పోగా, వేరుపడగా, మా ఆయన కూడా కాలం చేశాక ఇంట్లో మిగిలింది నేను, అబ్బాయి, ఎనభై నాలుగేళ్ల ఆవిడ.

ఇప్పుడు ఆడపిల్లవాళ్లే వచ్చి పిల్లాడి ఇల్లు చూసుకుంటున్నారు. మొన్న మాఘమాసంలో విశాఖపట్నం నుంచి ఒక సంబంధం వచ్చింది. కుదిర్చే ఆయన ముందే ఫోన్ చేశాడు.

"ముసలోళ్లున్నారంటే ఎవులూ రావట్లేదమ్మా. ఆ రెండు గంటలూ మామ్మగారిని ఎక్కడికైనా పంపించీండి."

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి, మర్నాడు అత్తగారిని తీసుకెళ్లి ఎదురింట్లో కూర్చోబెట్టాను. వాళ్ల టీవీ పెద్దది, సీరియల్ బాగా కనబడుతుందన్నాను. ఆవిడ మందుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. అబ్బాయి అంతా చూసి, చొక్కా మార్చుకోడానికి లోపలికెళ్లాడు. వాడికీ పెళ్ళి కావాలి మరి.

పిల్లా, తల్లీ, తండ్రీ వచ్చారు. పిల్ల కలుపుగోలుగా ఉంది. వంటిల్లు, మేడమీద గది చూసి కూర్చున్నాక తల్లి అడిగింది.

"ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

"మేమిద్దరమేనండి," అన్నాను.

పది నిమిషాలు కాలేదు, మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పళ్లెం, అందులో బెల్లం ముక్కలు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సంబంధం మాటలప్పుడు ఇంటి పెద్దావిడ తన చేత్తో అవతలివాళ్లకి బెల్లం పెట్టాలి, ఆ తర్వాతే కాఫీలైనా ఫలహారాలైనా. ఆ రోజున దేవరాపల్లిలో నాకు పెట్టింది ఆవిడే. నా కంగారులో నేనది మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు. ఎదురింటివాళ్లనడిగి బెల్లం సర్దుకుని, ఒక్కతే రోడ్డు దాటి వచ్చేసింది.

పిల్ల తల్లి నావైపు తిరిగింది. "ఈవిడెవరండీ?"

"ఎదురింటి మామ్మగారండి."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవర్నని ఏం లాభం?

అత్తగారు ఒక్కసారి నాకేసి చూసింది. "అవునమ్మా, ఎదురింట్లోనే ఉంతాను," అంది తడుముకోకుండా. పిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టి, "సల్లగా ఉండు తల్లీ," అని వెనక్కి తిరిగింది. అబ్బాయి చెయ్యి పట్టుకుని దింపుదామని లేవబోతే వద్దని తల అడ్డంగా ఊపింది.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కుర్చీలోంచి లేవలేదు. కాఫీ చల్లారిపోతోంది తీసుకోండి అన్నాను.

మూడోనాడు ఫోనొచ్చింది. వాళ్లకి నచ్చిందిట. ఇంట్లో ఇద్దరే ఉండటం ఇంకా నచ్చిందిట. నిజం చెబితే ఇదీ పోతుంది, వాడు ఇలాగే ముసలాడైపోతాడు. చెప్పకపోతే ఈవిణ్ణి ఎక్కడ పెట్టను? ఎటు తిరిగినా దారి కనబడలేదు.

అత్తగారి గదిలోకెళ్లి మంచం పక్కన కూలబడి, సంబంధం కుదిరిందని చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ నా తల నిమిరింది.

"ఏటే, శుభమా అని కుదిరితే ఏడుత్తావేటి? పెళ్ళికి నేను ఎదురింటోళ్లతో కలిసి వత్తాన్లే."

నేను సరేనన్నాను.